చలి డ్యూటీకి బ్యాటరీ కుంపటి

వెచ్చని తీగలు కుట్టిన జర్కిన్ ఎవరికి ఉపయోగం, ఎవరికి ప్రమాదం? కొనేముందు వేసుకోవలసిన లెక్కలు

భిలాయి ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసు నుండి వెలువడే ద్రవలోహపు వేడి సుమారు 1,500 డిగ్రీల సెంటిగ్రేడు. ఆ కొలిమికి కొద్ది దూరంలోనే, ఖనిజపు కుప్పల మధ్యనో, రైలు యార్డులోనో, కాపలా గేటు వద్దనో రాత్రి డ్యూటీ చేసే మనిషిని చుట్టుముట్టే గాలి పుష్యమాసంలో పది డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఒకే ప్రహరీలో ఒకరు చెమట తుడుచుకుంటూ ఉంటారు, మరొకరు చేతులు నలుపుకుంటూ ఉంటారు. ఉక్కునగరమంటే అందరికీ మొదటివాని కష్టమే గుర్తుకు వస్తుంది. రెండవవాని కష్టం లోకానికి అంతగా తెలియదు.

ఈ కర్మాగారాన్ని ఆనుకొని పెరిగిన నివాసాలలో రిసాలి ఒకటి. భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయి కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరిలో తొలి ఫర్నేసును నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ తరువాతి కాలంలో దేశం నలుమూలల నుండి పనివారు ఇక్కడికి తరలివచ్చారు. విజయనగరం - రాయపూరు రైలుమార్గం పుణ్యమా అని ఉత్తరాంధ్ర జిల్లాల తెలుగువారు అనేకులు ఇక్కడే స్థిరపడ్డారు. ఒకనాడు భిలాయి నగరపాలికలో భాగంగా ఉండిన రిసాలి ఈనాడు ప్రత్యేక నగరపాలక సంస్థ. దాని తొలి ఎన్నికలు 2021 డిసెంబరులో జరిగాయి.

సముద్రపు గాలికి అలవాటుపడిన శరీరానికి ఛత్తీస్‌గఢ్ మైదానపు శీతకాలం కొత్త. పగలు ఎండ హాయిగానే ఉంటుంది. పొద్దు వాలిన తరువాత నేల త్వరగా చల్లబడుతుంది. స్వెటరు, మఫ్లరు, రగ్గు ఇవే తరతరాలుగా తెలిసిన ఉపాయాలు. స్థానికుల ఇళ్ళలో 'గోర్సీ' అనే మట్టి కుంపటి ఉండేది. దానిలో నిప్పులు పోసుకొని ఇంటిల్లిపాదీ చుట్టూ చేరేవారు. ఆ కుంపటి ఆరుబయట ఉన్నంతసేపు మిత్రుడే. తలుపులు బిగించిన చిన్న గదిలోకి చేరితే శత్రువవుతుంది. బొగ్గు సరిగా కాలనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవానికి అది వచ్చినట్లే తెలియదు. కాపలా గదులలో, లారీ క్యాబిన్లలో కుంపటి పెట్టుకొని పడుకున్నవారు తెల్లవారేసరికి విగతజీవులై కనిపించిన వార్తలు ఉత్తర భారతంలో ప్రతి శీతకాలమూ వినవస్తూనే ఉంటాయి.

ఇటువంటి పరిస్థితులలో అంగడికి వచ్చిన కొత్త వస్తువు బ్యాటరీతో వెచ్చబడే జర్కిన్. 'హీటెడ్ జాకెట్' అని దీనికి వ్యాపారనామం. బట్ట పొరల మధ్య సన్నని కార్బన్ పీచుతో చేసిన పట్టీలను కుట్టి, లోపలి జేబులో బ్యాటరీని అమర్చుతారు. మీట నొక్కితే నిమిషాలలో వీపు, ఛాతీ వెచ్చబడతాయి. పొగ లేదు, నిప్పు లేదు. అయితే వేలు పోసి కొన్న తరువాత ఒకరు దీనిని వరమంటున్నారు, మరొకరు దండుగ అంటున్నారు. ఈ భేదానికి కారణం చాలావరకు వస్తువు నాణ్యత కాదు, కొన్నవారి పని స్వభావం.

అసలు శరీరానిది, కొసరు బ్యాటరీది

మనిషి శరీరమే ఒక పొయ్యి. ఊరకే కూర్చున్న పెద్దవయసు మనిషి సుమారు వంద వాట్ల వేడిని పుట్టిస్తాడు. బరువులు మోస్తున్నప్పుడు, పార పట్టినప్పుడు ఆ వేడి నాలుగు వందల వాట్లు కూడా దాటుతుంది. ఇక జర్కినులోని పట్టీలు ఇచ్చేదెంత? సాధారణంగా నాలుగు వాట్ల నుండి పదిహేను వాట్ల వరకు మాత్రమే. అంటే ఇంటిలో వెలిగే ఒక చిన్న ఎల్‌ఈడీ దీపం ఖర్చుచేసేటంత విద్యుత్తు.

ఈ పోలికలోనే అసలు రహస్యమంతా ఉన్నది. పది వాట్లు ఎవరినీ చలినుండి కాపాడలేవు. శరీరం తయారుచేసే వంద వాట్లు వృథాగా పోకుండా బట్టలు కాపాడగలిగినప్పుడే ఈ పది వాట్లకు విలువ. గాలి దూరే పలచని జర్కినులో ఎంత గొప్ప బ్యాటరీ పెట్టినా, చిల్లికుండలో నీరు పోసినట్లే అవుతుంది. కనుక కొనేవారు మొదట చూడవలసినది తీగను కాదు, బట్టను. పై పొర గాలిని ఆపుతున్నదా? మెడ, మణికట్టు, నడుము వద్ద బిగువుగా మూసుకుంటున్నదా? లోపలి పొరలో గాలిని నిలిపి ఉంచే మెత్తదనం ఉన్నదా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేని జర్కినుకు బ్యాటరీ అలంకారమే.

గాలి చేసే నష్టాన్ని లెక్కకట్టే సూత్రమొకటి 2001 నుండి కెనడా, అమెరికా వాతావరణ శాఖల వాడుకలో ఉన్నది. దాని ప్రకారం పది డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో మోటారు సైకిలు నడిపేవాని ముఖానికి ఆ చలి ఆరు డిగ్రీలుగా తోస్తుంది. సున్నాకు దిగువన పది డిగ్రీలున్న హిమాలయ ప్రాంతంలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే అది మైనస్ 20తో సమానం. డ్యూటీ ముగించుకొని తెల్లవారుజామున బండిమీద రిసాలి చేరే మనిషి వణకడానికి కారణం ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, ఎదురుగాలి కూడా. ఆ ఎదురుగాలికి విరుగుడు గాలి దూరని పై కోటు, చేతి తొడుగులు. ఈ రెండింటికీ బ్యాటరీ అవసరం లేదు.

మరి ఛాతీని వెచ్చజేస్తే చేతులకు మేలేమిటి? ఇక్కడ శరీరధర్మం ఒకటి తెలుసుకోదగినది. లోపలి అవయవాల వేడి తగ్గబోతున్నదని పసిగట్టగానే శరీరం చేతులకు, కాళ్ళకు పోయే రక్తనాళాలను కుదించి, ఉన్న వేడిని గుండె, మెదడుల కొరకు దాచుకుంటుంది. అందుకే మొదట మొద్దుబారేవి వేళ్ళు. మొండెం తగినంత వెచ్చగా ఉన్నదని తెలిస్తే ఆ నాళాలు మళ్ళీ విచ్చుకుంటాయి. 1990ల చివర కెనడాలో జరిగిన ప్రయోగాలు దీనిని స్పష్టంగా నిరూపించాయి. మొండెమును వెచ్చజేసినప్పుడు గడ్డకట్టే చలిలోనూ వేళ్ళు పనికి అనువుగా నిలిచాయి. నట్లు బిగించేవారికి, మీటలు నొక్కేవారికి, కొలతలు వ్రాసుకొనేవారికి ఇది చిన్న విషయం కాదు. మొద్దుబారిన వేలు పట్టు తప్పడం వలన జరిగే ప్రమాదాలు చలి ఖాతాలో ఎక్కవు, అజాగ్రత్త ఖాతాలో ఎక్కుతాయి.

విమానం నేర్పిన పాఠం

ఒంటిమీద నిప్పును మోసుకుపోవాలన్న ఆలోచన పాతదే. కాశ్మీరులో 'ఫేరన్' అనే వదులు అంగీ లోపల 'కాంగ్డీ' అనే చిన్న కుంపటిని పట్టుకొని తిరగడం తరతరాల ఆచారం. సన్నని పుల్లల అల్లిక మధ్య మట్టి మూకుడు, దానిలో నివురుగప్పిన నిప్పులు. నేటి జర్కినుకు అది ముత్తవ్వ అనవచ్చు.

విద్యుత్తుతో బట్టను వెచ్చజేసే ప్రయత్నాలు మొదటి ప్రపంచయుద్ధంలో వైమానికుల కొరకు జరిగాయి. రెండవ యుద్ధంలో వాటి అవసరం తీవ్రమైనది. అమెరికా బాంబరు విమానాలు ఐరోపా మీద పాతిక వేల అడుగుల ఎత్తున ఎగిరేటప్పుడు, తెరచిన కిటికీల వద్ద తుపాకులు పట్టుకొని నిలిచిన సైనికుల చుట్టూ మైనస్ 40 డిగ్రీల గాలి వీచేది. ఆ దళాలలో తొలి సంవత్సరంలో మంచుకాటు వలన పనికిరాకుండా పోయినవారి సంఖ్య శత్రువు గుండ్లకు గాయపడినవారిని మించినది. వారికి ఇచ్చిన తొలి విద్యుత్ దుస్తులలో తీగలన్నీ ఒకే వరుసలో కలపబడి ఉండేవి. ఒక్క చోట తీగ తెగితే మొత్తం దుస్తు చల్లబడేది. తరువాతి రకాలలో ఒక్కొక్క భాగానికి వేరువేరు దారి ఏర్పరచి ఈ లోపాన్ని సరిదిద్దారు.

ఎనభై సంవత్సరాలనాటి ఈ పాఠం నేటి కొనుగోలుదారునకు కూడా పనికివస్తుంది. జర్కినులోని పట్టీలు వేరువేరుగా పనిచేస్తున్నాయా, లేక ఒకటి చెడితే అన్నీ చెడతాయా అని అడిగి తెలుసుకోవాలి. మోచేయి, భుజం వంటి మడతపడే చోట్ల తీగలున్న జర్కినుకన్న, వీపు, ఛాతీ, మెడ వద్ద మాత్రమే పట్టీలున్నది ఎక్కువకాలం మన్నుతుంది. పనివాని చేయి రోజుకు కొన్ని వేలసార్లు వంగుతుంది. తీగకు అంత ఓపిక ఉండదు.

విమానంలో విద్యుత్తుకు కొదువ లేదు. తీగను యంత్రానికి తగిలిస్తే చాలు. నేలమీద నడిచే మనిషికి ఆ సదుపాయం లేనందున ఈ దుస్తులు చాలాకాలం సామాన్యులకు అందలేదు. 1991లో లిథియం అయాన్ బ్యాటరీలు అంగడికి రావడంతో ఆ అడ్డంకి తొలగినది. ఆ బ్యాటరీకి పునాదులు వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యొషినో అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించినది. డ్రిల్లింగ్ యంత్రాలు తయారుచేసే మిల్‌వాకీ, మకీటా, బాష్ వంటి సంస్థలు తమ పనిముట్ల బ్యాటరీతోనే నడిచే జర్కినులను కూడా తయారుచేశాయి.

అంకెల మాయ, అసలు లెక్క

అమ్మకపు ప్రకటనలలో పెద్ద అక్షరాలతో కనిపించేది 'పది గంటలు వెచ్చదనం' అన్న మాట. ఆ పది గంటలు సాధారణంగా అన్నిటికంటె తక్కువ వేడిమీద లెక్కించినవి. నిజం తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఒక గుణకారం, ఒక భాగహారం చాలు.

బ్యాటరీ మీద అచ్చువేసిన వోల్టులను ఆంపియర్-గంటలతో గుణిస్తే వచ్చేది వాట్-గంటలు. అదే దాని అసలు సంపద. ఉదాహరణకు 7.4 వోల్టులు, 5 ఆంపియర్-గంటలు గల బ్యాటరీలో 37 వాట్-గంటల శక్తి ఉన్నది. జర్కిన్ ఎక్కువ వేడిమీద 12 వాట్లు తీసుకుంటే మూడు గంటలు, మధ్యస్థంగా 8 వాట్లయితే నాలుగున్నర గంటలు, అతి తక్కువగా 4 వాట్లయితే తొమ్మిది గంటలు పనిచేస్తుంది. ఎనిమిది గంటల డ్యూటీకి ఒక బ్యాటరీ చాలుతుందా, రెండు కావాలా అన్నది ఈ లెక్కతో తేలిపోతుంది.

సెల్‌ఫోనుకు వాడే పవర్ బ్యాంకుతో నడిచే జర్కినులు చవక. వీటి విషయంలో ఒక మెలిక ఉన్నది. '20,000 ఎంఏహెచ్' అన్న అంకె లోపలి ఘటాల 3.7 వోల్టుల లెక్కన వేసినది. అంటే 74 వాట్-గంటలు. దానిని 5 వోల్టులకు మార్చేటప్పుడు కొంత నష్టం పోగా 60 నుండి 65 వాట్-గంటలు చేతికి వస్తాయి. పది వాట్ల జర్కినుకు అది ఆరు గంటల తిండి. ఇంకొక చిక్కు. తక్కువ వేడిమీద జర్కిన్ తీసుకొనే విద్యుత్తు మరీ స్వల్పమైతే, ఏమీ తగిలించలేదని భ్రమించి తనంతట తాను ఆగిపోయే పవర్ బ్యాంకులు కొన్ని ఉన్నాయి. కనుక రెండింటినీ కలిపి అరగంటపాటు పరీక్షించిన తరువాతనే నమ్మాలి.

ఇదివరకే పనిముట్ల బ్యాటరీలు ఉన్న మెకానిక్కులకు, ఫిట్టర్లకు అదే సంస్థ జర్కిన్ లాభసాటి. బ్యాటరీ, చార్జరు మళ్ళీ కొననక్కరలేదు. అయితే ఆ బ్యాటరీ బరువు, ఉబ్బు నడుము దగ్గర తగులుతాయి. వంగి పనిచేసేవారు, భద్రతా పట్టీ కట్టుకొని ఎత్తున పనిచేసేవారు దానిని ధరించి, పట్టీ బిగించి, వంగి చూచి మరీ తీసుకోవాలి. భద్రతా పట్టీ ఎప్పుడూ జర్కిన్ మీదనే ఉండాలి. బ్యాటరీగాని, తీగగాని పట్టీ కింద నలగరాదు.

కూర్చునేవారికా, నడిచేవారికా?

ఎంపికలో అన్నిటికంటె పెద్ద ప్రశ్న ఇదే. కాపలాదారు, రైలు గేటు వద్ద నిలుచునేవారు, తూనిక కేంద్రంలో కూర్చునేవారు, కిటికీ అద్దం సరిగా పడని క్రేను క్యాబిన్‌లో గంటల తరబడి ఉండేవారు, వీరందరి శరీరాలు పుట్టించే వేడి తక్కువ. వీరికి బ్యాటరీ ఇచ్చే కొసరు విలువైనది. పైగా కుంపటి వెలిగించాలన్న ప్రలోభం తొలగుతుంది. అదొక్కటే చాలు, దాని ఖరీదు గిట్టినట్లే.

మూటలు మోసేవారి సంగతి వేరు. పార పట్టి, సుత్తి ఎత్తి, మెట్లెక్కి దిగే మనిషికి పది నిమిషాలలో చెమట పడుతుంది. తడిసిన బట్ట ఆరిన బట్టకన్న ఎన్నో రెట్లు త్వరగా వేడిని జారవిడుస్తుంది. పని ఆగి, గాలి తగలగానే ఆ చెమటే మంచుగడ్డవుతుంది. అటువంటివానికి మరింత వేడి పుట్టించే జర్కిన్ ఉపకారం చేయబోయి అపకారం చేస్తుంది. అతనికి కావలసినది విప్పడానికి, తొడగడానికి వీలైన రెండు మూడు పలచని పొరలు. చెమటను పీల్చి పట్టి ఉంచే నూలు బనియను బదులు త్వరగా ఆరే బనియను, దానిమీద ఉన్ని, పైన గాలి ఆపే కోటు.

పొరల విద్య సైన్యానికి తెలిసిన విద్యే. భారత రక్షణ పరిశోధన సంస్థ మూడు పొరలతో రూపొందించిన అతిశీతల దుస్తుల పరిజ్ఞానాన్ని 2021 డిసెంబరులో ఐదు భారతీయ సంస్థలకు అందజేసినది. పొరలను మార్చుకుంటూ 15 డిగ్రీల నుండి మైనస్ 50 వరకు వాడదగినదిగా దానిని రూపొందించారు. పనిని బట్టి, చలిని బట్టి పొరలను ఎంచుకోవడమే దాని సూత్రం.

పని కొంతసేపు, నిరీక్షణ కొంతసేపు ఉండే ఉద్యోగాలూ ఉన్నాయి. లైన్‌మన్లు, రైలుమార్గపు గ్యాంగ్‌మన్లు ఈ కోవకు చెందినవారు. వీరికి చేతులు లేని జర్కిన్, అనగా వెచ్చబడే 'వెయిస్టుకోటు' మేలు. అది పై కోటు లోపల ఇమిడిపోతుంది. పని సాగేటప్పుడు మీట ఆపి, నిలిచినప్పుడు పది పదిహేను నిమిషాలు వేయడం అలవాటు చేసుకుంటే బ్యాటరీ కూడా డ్యూటీ పొడుగునా వస్తుంది. వెచ్చని పట్టీకి, ఒంటికి మధ్య ఒక పలచని చొక్కా మాత్రమే ఉండాలి. రెండు స్వెటర్ల మీద తొడిగితే వేడి ఒంటికి చేరకముందే గాలిలో కలుస్తుంది.

తొడగకూడని చోట్లు

ఉక్కునగరంలో నివసించేవారు ఇంకెక్కడివారికన్న ఎక్కువగా ఆలోచించవలసిన విషయం ఇది. అంగడిలో దొరికే వెచ్చని జర్కినులలో అధికభాగం పాలియెస్టరు, నైలానులతో తయారైనవి. నిప్పురవ్వ పడితే ఆ బట్ట కాలడమే కాక కరిగి చర్మానికి అంటుకుంటుంది. ద్రవలోహం చిందే చోట, వెల్డింగు జరిగే చోట, గ్యాస్ కటింగు వద్ద దానిని ధరించడం ప్రాణాలతో చెలగాటం. అటువంటి పనులకు వేడిని, మంటను తట్టుకొనే దుస్తులకు 'ఐఎస్ఓ 11612' అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది. ద్రవపు ఇనుము చిందినా తట్టుకొనే గుణాన్ని దానిలో 'ఈ' అనే అక్షరంతో సూచిస్తారు. జర్కిన్ లోపలి చీటీమీద ఆ గుర్తు లేకపోతే అది కొలిమి సమీపానికి తగినది కాదు. లోపల వెచ్చని జర్కిన్, పైన రక్షణ కోటు తొడిగితే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. లోపలి పొర కరిగినా గాయం గాయమే.

రెండవ నిషిద్ధ స్థలం మండే వాయువులున్న చోటు. ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసు, కోక్ ఓవెన్ గ్యాసు పెద్ద పెద్ద గొట్టాలలో ప్రవహిస్తూ ఉంటాయి. 2018 అక్టోబరులో భిలాయిలో కోక్ ఓవెన్ గ్యాసు గొట్టం వద్ద మరమ్మత్తు సమయంలో చెలరేగిన మంటలు పదిమందికి పైగా ప్రాణాలను బలిగొన్నాయి. ఆ దుర్ఘటనకు దుస్తులతో సంబంధం లేదు. కాని అటువంటి వాయువు ఎంతటి నిర్దయ గలదో ఆ ఊరివారికి వేరుగా చెప్పనక్కరలేదు. మామూలు జర్కినులోని మీట, తీగల కలయిక, బ్యాటరీ ఇవేవీ పేలుడు ప్రమాదమున్న ప్రదేశాల కొరకు పరీక్షించినవి కావు. ఎక్కడ సెల్‌ఫోను తేరాదని బోర్డు ఉన్నదో అక్కడికి ఈ జర్కిన్ కూడా పోరాదు. ఏ విభాగంలోనైనా భద్రతాధికారి అనుమతి లేకుండా దానిని డ్యూటీకి తొడగరాదు. కొనేముందే అడిగితే డబ్బు మిగులుతుంది.

హాయి మాటున గాయం

చేతికి హాయిగా తోచే వేడి కూడా గంటల తరబడి ఒకేచోట తగిలితే కాలుస్తుంది. చర్మం ఎంత వేడిని ఎంతసేపు ఓర్చుకోగలదో 1947లో అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ అనే పరిశోధకులు కొలిచారు. 44 డిగ్రీల వేడి సుమారు ఆరు గంటలు తగిలితే చర్మం కాలిన గాయమవుతుందని వారు కనుగొన్నారు. వేడి హెచ్చినకొద్దీ ఆ వ్యవధి వేగంగా తరిగిపోతుంది. జర్కిన్ తొడుక్కొని నిద్రించడం, పట్టీమీద ఆనుకొని కుర్చీలో గంటలసేపు ఉండడం అందువల్లనే కూడదు.

కాశ్మీరు కాంగ్డీ ఈ విషయంలో చరిత్ర చెప్పే సాక్షి. ఏళ్ళ తరబడి పొట్టకు, తొడలకు దగ్గరగా ఉంచుకొనేవారిలో వచ్చే ఒకవిధమైన చర్మపు క్యాన్సరును అక్కడ వైద్యసేవ చేసిన ఎల్మ్‌స్లీ అనే వైద్యుడు 1866లోనే వర్ణించాడు. బ్యాటరీ జర్కిన్ వేడి కాంగ్డీ నిప్పుతో పోల్చదగినది కాదు. అయినా చర్మంమీద వల అల్లినట్లు ఎర్రని లేక గోధుమరంగు మచ్చలు కనిపిస్తే దానిని వాడడం మాని వైద్యునికి చూపించుకోవాలి.

మధుమేహం ముదిరి స్పర్శజ్ఞానం తగ్గినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. కాలుతున్నదని తెలిపే నరమే మొద్దుబారితే హెచ్చరించేది ఎవరు? గుండెకు పేస్‌మేకరు అమర్చినవారు వైద్యుని సలహా లేకుండా ఛాతీమీద విద్యుత్ పట్టీలు, బ్యాటరీ ఉన్న దుస్తులు వాడరాదు. మద్యం సేవించినవానికి వెచ్చగా ఉన్నట్లు తోస్తుంది కాని అతని శరీరం వాస్తవంగా వేడిని వేగంగా కోల్పోతుంది. అతనికి ఏ జర్కిన్ కూడా పూచీ పడలేదు.

హిమాలయాలకు పోయేవారు

భిలాయి ఉక్కు చలిదేశాలకు కొత్త కాదు. 2025 జూన్‌లో ప్రారంభమైన చీనాబ్ రైలు వంతెనకు ప్రభుత్వరంగ ఉక్కు సంస్థ 'సెయిల్' సుమారు 16 వేల టన్నుల ఉక్కు అందించినది. దానిలో అధికభాగం భిలాయిది. కాశ్మీరును లడఖ్‌తో కలిపే జోజిలా సొరంగ నిర్మాణాన్ని 2020లో దక్కించుకొన్నది హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగు సంస్థ. జోజిలా కనుమ ఎత్తు పదకొండు వేల అడుగులకు పైమాటే. ఇటువంటి పనులకు మైదానాల నుండి ఇంజనీర్లు, ఫిట్టర్లు, డ్రైవర్లు వెళ్ళవలసి వస్తున్నది. అక్కడ జర్కిన్ ఎంపికకు నియమాలు కొంత మారతాయి.

మొదటిది, లిథియం బ్యాటరీ తానే చలికి జంకుతుంది. మైనస్ 20 వద్ద అది తన శక్తిలో గణనీయమైన భాగాన్ని ఇవ్వలేదు. కనుక దానిని పై జేబులో కాక ఒంటికి దగ్గరగా లోపలి జేబులో ఉంచాలి. అదనపు బ్యాటరీ కూడా లోపలే ఉండాలి. రెండవది, గడ్డకట్టిన బ్యాటరీని వెంటనే చార్జరుకు తగిలించరాదు. సున్నా డిగ్రీలకు దిగువన చార్జి చేస్తే లోపల లిథియం లోహం పూతగా పేరుకొని, ఘటం శాశ్వతంగా దెబ్బతింటుంది, ప్రమాదకరంగా కూడా మారవచ్చు. గదిలో వెచ్చబడిన తరువాతనే చార్జి చేయాలి.

మూడవది ముఖ్యమైనది. అటువంటి చోట బ్యాటరీ అయిపోయినా బ్రతికి బయటపడగల దుస్తులే ధరించాలి. మైనస్ 5కు దిగువ చలికి తగిన దుస్తులను ఐరోపా ప్రమాణం 'ఈఎన్ 342' గుర్తిస్తుంది. అటువంటి కోటు లోపల తొడిగే అదనపు పొరగానే విద్యుత్ జర్కిన్ ఉండాలి. మంచుతుపానులో దారి మూసుకుపోయినప్పుడు మూడు గంటల బ్యాటరీని నమ్ముకొన్నవాడు నాలుగవ గంటకు నిస్సహాయుడవుతాడు.

విమానంలో పోయేవారు బ్యాటరీని జర్కిన్ నుండి విడదీసి చేతిసంచిలో పెట్టుకోవాలి. విడి బ్యాటరీలను లగేజీలో వేయడం నిషిద్ధం. వంద వాట్-గంటల లోపు వాటికి సాధారణంగా చేతిసంచిలో అభ్యంతరం ఉండదు. పైన చెప్పిన గుణకారం ఇక్కడ కూడా అక్కరకు వస్తుంది.

చీటీ చదివి, మీట నొక్కి

కొనే సమయంలో చేయవలసిన పరీక్షలు కష్టమైనవి కావు. బ్యాటరీ మీద వోల్టులు, ఆంపియర్-గంటలు స్పష్టంగా అచ్చయి ఉండాలి. మన దేశంలో లిథియం ఘటాలకు భారతీయ ప్రమాణం 'ఐఎస్ 16046' వర్తిస్తుంది. ఆ గుర్తు, నమోదు సంఖ్య లేని బ్యాటరీ చవకగా వచ్చినా విడిచిపెట్టాలి. అదే బ్యాటరీ విడిగా దొరుకుతుందా అని అడగాలి. కొన్ని శీతకాలాల తరువాత బ్యాటరీ అరిగిపోవడం ఖాయం. అది దొరకకపోతే జర్కిన్ మొత్తం మూలపడుతుంది. వేడి మితిమీరితే తానే ఆగిపోయే ఏర్పాటు ఉన్నదో లేదో విచారించాలి. తొడిగి మీట నొక్కి, పావుగంట ఉంచి, ఏ పట్టీ వెచ్చబడలేదో, ఏది చురుక్కుమంటున్నదో గమనించాలి. చేతులు పైకెత్తి, నేలకు వంగి చూడాలి. పట్టీలు వీపుకు అంటి ఉండేటంత బిగువు ఉండాలి, ఊపిరికి అడ్డు రానంత వదులూ ఉండాలి.

ఉతికే పద్ధతి కూడా చీటీలోనే ఉంటుంది. బ్యాటరీ తీసి, తీగ కొసకు మూత బిగించి, మెల్లగా ఉతికి, పిండకుండా ఆరవేయడం చాలా జర్కినులకు సామాన్య నియమం. బండమీద బాదడం, ఇస్త్రీ చేయడం తీగకు మృత్యువు. బ్యాటరీ ఉబ్బినా, వాసన వచ్చినా, నలిగినా దానిని మళ్ళీ వాడరాదు. శీతకాలం గడిచిన తరువాత సగం చార్జితో చల్లని పొడిచోట భద్రపరచాలి. భిలాయి వేసవిలో రేకుల షెడ్డు కింద, బండి డిక్కీలో దానిని వదిలితే మరుసటి చలికాలానికి దాని సత్తువ సన్నగిల్లుతుంది.

ఇవన్నీ విన్న తరువాత రిసాలిలో నివసించే సామాన్య ఉద్యోగికి ఇది అవసరమా అన్న ప్రశ్న మిగులుతుంది. పది డిగ్రీల చలిలో నడుస్తూ, మోస్తూ పనిచేసేవానికి అవసరం లేదు. గాలి ఆపే కోటు, ఉన్ని స్వెటరు, చెవులు కప్పే టోపీ, మంచి చేతి తొడుగులు చాలు. ఈ నాలుగింటి ఖరీదు ఒక బ్యాటరీ జర్కినుకన్న తక్కువే అవుతుంది. కొలిమి వద్ద, గ్యాసు వద్ద పనిచేసేవానికి అది నిషిద్ధం. గేటు వద్ద కదలక కూర్చొని రాత్రంతా మేల్కొనే కాపలాదారునకు, వయసు పైబడి చలికి ఓర్వలేనివానికి, హిమాలయ ప్రాంతపు పనికి బదిలీ అయినవానికి మాత్రం అది నిజమైన ఆసరా.

కుటుంబంలో ఎవరికైనా దీనిని బహుమతిగా కొనదలచినవారు ధర అడగడానికి ముందు అడగవలసిన ప్రశ్నలు రెండే రెండు. ఆయన రాత్రంతా కూర్చుంటాడా, నడుస్తాడా? ఆయన పనిచేసే చోట నిప్పుగాని, గ్యాసుగాని ఉన్నదా? ఈ రెండింటికి సరియైన జవాబు దొరికిన తరువాతనే వోల్టుల లెక్క, వాట్ల లెక్క.